గేమింగ్ మానిటర్ డబ్బా మీద మీ సిలబస్

పంజాగుట్టలో ఏదైనా పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూంకి వెళ్లి గేమింగ్ మానిటర్ల వరుస ముందు నిలబడి చూడండి. ప్రతి డబ్బా మీదా నాలుగైదు స్టిక్కర్లు. 4కే, 144 హెర్ట్జ్, ఫ్రీసింక్, జీ-సింక్ కంపాటిబుల్, అడాప్టివ్ సింక్, వీఆర్‌ఆర్. అక్కడి నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ ఇవతలికి వస్తే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో ఫ్లెక్సీల మీద ఇంకో రకం పేర్లు. ఫుల్ స్టాక్ పైథాన్, డెవాప్స్ విత్ ఏడబ్ల్యూఎస్, డేటా సైన్స్, జెన్ ఏఐ. రెండు చోట్లా నిలబడి పైకి చూస్తున్నది ఎక్కువగా ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలే. రెండు చోట్లా అడిగే ప్రశ్న కూడా దాదాపు ఒకటే: 'అన్నా, వీటిలో ఏది తీసుకుంటే బెటర్?'

నేను చెప్పాలనుకున్నది ఆ మొదటి వరుస గురించి. ఆ డబ్బాల మీద ఉన్న 'అడాప్టివ్ సింక్' అనే మాటను పూర్తిగా అర్థం చేసుకున్న ఈసీఈ, ఈఈఈ, సీఎస్ఈ విద్యార్థికి తన నాలుగేళ్ల చదువులో సగం గుర్తొస్తుంది. డిజిటల్ ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, సీ ప్రోగ్రామింగ్ అన్నీ అందులో ఉన్నాయి. పరీక్ష రాసి వదిలేసిన ఈ సబ్జెక్టులకు జీతం ఇచ్చే కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అయినా బీటెక్ చేతికి రాగానే బ్రాంచ్‌తో సంబంధం లేకుండా అందరం ఒకే మెట్లెక్కి, ఒకే కోర్సులో చేరుతున్నాం. ఇది మనకు నష్టం అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ టెక్నాలజీ ఏమిటో చూడాలి.

మెట్రోనా, షేర్ ఆటోనా?

స్క్రీన్ మీద కదిలే బొమ్మ అంటే వరుసగా మారే ఫొటోలే కదా. మామూలు 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లు, అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి కొత్త ఫొటో గీస్తుంది. గడియారంలా, తప్పకుండా. గేమ్‌లో ఆ ఫొటోను తయారు చేసేది గ్రాఫిక్స్ కార్డు. దానికి అంత క్రమశిక్షణ సాధ్యం కాదు. ఖాళీ మైదానం అయితే 9 మిల్లీసెకన్లలో గీసి ఇస్తుంది. బాంబు పేలి, పొగ లేచి, పదిమంది శత్రువులు ఒకేసారి వస్తే 22 మిల్లీసెకన్లు పడుతుంది.

ఈ ఇద్దరి టైమింగ్ కలవనప్పుడు రెండే దారులుండేవి. మానిటర్ సగం గీసి ఉండగానే కార్డు కొత్త ఫ్రేమ్ అందించడం మొదటిది. అప్పుడు పై సగం పాత బొమ్మ, కింది సగం కొత్త బొమ్మ కనిపిస్తాయి. చిరిగిన సినిమా పోస్టర్‌ను అటూ ఇటూ జరిపి అతికించినట్టు ఉంటుంది. దీన్నే స్క్రీన్ టేరింగ్ అంటారు. రెండోది వీ-సింక్. మానిటర్ సిద్ధమయ్యేదాకా కార్డు ఆగాలి. ఇక్కడ తిప్పలేంటంటే, ఫ్రేమ్‌కు 16.7 బదులు 17 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, ఆ మూడు పదో వంతుల ఆలస్యానికి ఏకంగా 33.3 మిల్లీసెకన్ల దాకా ఎదురుచూడాలి. ప్రతి ఫ్రేమూ అలాగే ఆలస్యమైతే 60 ఫ్రేముల గేమ్ ఒక్కసారిగా 30కి పడిపోతుంది. మౌస్ కదిపితే తుపాకీ కాస్త ఆలస్యంగా తిరుగుతుంది. ఆడేవాళ్లకు ఆ చిరాకు తెలుసు.

అడాప్టివ్ సింక్ ఈ సంబంధాన్ని తిరగేసింది. కార్డు మానిటర్ కోసం ఆగదు, మానిటరే కార్డు కోసం ఆగుతుంది. మెట్రో రైలు టైముకు వచ్చి, మీరు ఎక్కినా ఎక్కకపోయినా తలుపులు మూసుకుని వెళ్లిపోతుంది. షేర్ ఆటో మీరు ఎక్కాకే కదులుతుంది. పాత మానిటర్ మెట్రో, కొత్తది షేర్ ఆటో.

మానిటర్ ఎక్కడ ఆగుతుంది? ఒక ఫ్రేమ్ చివరి లైను గీశాక, తర్వాతి ఫ్రేమ్ మొదటి లైనుకు వెళ్లేలోపు చిన్న విరామం ఉంటుంది. దాని పేరు వర్టికల్ బ్లాంకింగ్. పాత డబ్బా టీవీల్లో ఎలక్ట్రాన్ కిరణం కింది మూల నుంచి మళ్లీ పైకి చేరుకోవడానికి పెట్టిన టైమ్ అది. కిరణం పోయింది, పిక్చర్ ట్యూబ్ పోయింది, విరామం మాత్రం మిగిలింది. అడాప్టివ్ సింక్ ఆ విరామాన్నే అవసరాన్ని బట్టి సాగదీస్తుంది. తెలివి అంతా అక్కడే ఉంది.

అయితే ఆటో కూడా ఎంతసేపని ఆగుతుంది? ఎల్‌సీడీ పిక్సెల్‌లో నిలిచిన చార్జ్ మెల్లగా కారిపోతుంది. మరీ ఆలస్యం చేస్తే వెలుగు మారి స్క్రీన్ మినుకుమంటుంది. అందుకే ప్రతి మానిటర్‌కూ ఒక రేంజ్ ఉంటుంది. 48 నుంచి 144 హెర్ట్జ్ రేంజ్ ఉన్న మానిటర్ మీద గేమ్ 40 ఫ్రేములకు పడిపోతే, డ్రైవర్ ప్రతి ఫ్రేమ్‌నూ రెండుసార్లు పంపి 80 హెర్ట్జ్‌లో నడిపిస్తుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు. అదే 48 నుంచి 75 రేంజ్ ఉన్న చవక మానిటర్ అయితే? 40ని రెట్టింపు చేస్తే 80. అది 75 దాటిపోయింది. కాబట్టి ఆ ఉపాయం పనిచేయదు, పాత కుదుపులన్నీ వెనక్కి వస్తాయి. రెండు డబ్బాల మీదా స్టిక్కర్ మాత్రం ఒకటే!

4కేలో అసలు పరీక్ష

ఫుల్ హెచ్‌డీలో 20,73,600 పిక్సెళ్లు. 4కేలో 82,94,400, సరిగ్గా నాలుగు రెట్లు. గ్రాఫిక్స్ కార్డు మీద భారం అంతగా పెరిగితే ఫ్రేమ్ రేటు నిలకడగా 144 దగ్గర ఉండదు. సీన్‌ను బట్టి 50, 70, 90 మధ్య ఊగుతూ ఉంటుంది. ఎక్కువ రిజల్యూషన్ మానిటర్‌లో అడాప్టివ్ సింక్ అత్యవసరం అయ్యేది అందుకే. 4కే మానిటర్ కొనేవాళ్లు పెద్ద అక్షరాల్లో ఉన్న 144 చూసి మురిసిపోతారు. చూడాల్సింది రేంజ్‌లో కింది అంకె.

ఇంకో లెక్క. ఆప్టిట్యూడ్ పేపర్లో ఇచ్చే తరహాదే, మీరే వేయండి. 82,94,400 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లు, సెకనుకు 144 సార్లు. గుణిస్తే సెకనుకు సుమారు 2,867 కోట్ల బిట్లు, అంటే 28.7 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 2.0 కేబుల్ మొత్తం సామర్థ్యం 18 గిగాబిట్లు. డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే 32.4. హమ్మయ్య సరిపోయింది అనుకుంటారు. సరిపోదు. ప్రతి 8 బిట్లను 10 బిట్లుగా మార్చి పంపే ఎన్‌కోడింగ్ వల్ల ఐదో వంతు అక్కడే పోతుంది. డేటాకు మిగిలేది 25.92 మాత్రమే. అందుకే అలాంటి మానిటర్లు బొమ్మను కుదించి పంపే డీఎస్‌సీ పద్ధతి వాడతాయి, లేదా 48 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ 2.1కి వెళ్తాయి. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. డబ్బా మీద 2.1 అని ఉన్నంత మాత్రాన 48 గిగాబిట్లూ, వీఆర్‌ఆర్‌ రెండూ ఉన్నట్టు కాదు. ఆ ఫీచర్లు ఇవ్వాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం.

షోరూంలో ఇవేవీ కనిపించవు. అక్కడ నడిచేది డెమో వీడియో. సముద్రం, చేపలు, రంగురంగుల చిలకలు. ఆ వీడియో ఫ్రేమ్ రేటు మారదు, కాబట్టి అడాప్టివ్ సింక్ ఉన్న మానిటరూ లేనిదీ పక్కపక్కన పెట్టినా ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే ఫ్రేమ్ రేటు ఊగిసలాడే గేమ్ నడిపించమని అడగాలి. కొన్ని వీఏ, ఓఎల్‌ఈడీ ప్యానెళ్లు చీకటి సీన్లలో, రిఫ్రెష్ రేటు గబగబా మారేటప్పుడు మినుకుమంటాయి. అదీ చిలకల వీడియోలో దొరకదు. కొని ఇంటికి తెచ్చాక కూడా విండోస్ సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ దగ్గరే వదిలేసి, మానిటర్ మెనూలో అడాప్టివ్ సింక్ ఆన్ చేయకుండా ఆడుకునేవాళ్లు బోలెడుమంది.

ఉద్యోగం వెతుక్కునే దశలో ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా: ఇప్పుడు ఇది కొనొద్దు. జావా కోడ్ రాయడానికి 60 హెర్ట్జ్ చాలు. ఇంటర్వ్యూలకు తిరిగే రోజుల్లో ఆ డబ్బుతో ఎస్‌ఆర్ నగర్ హాస్టల్‌లో కొన్ని నెలలు గడుస్తాయి. డబ్బా మీద ఉన్నది చదవడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

మూడు నెలల్లో మారిపోయిన కథ

ఈ టెక్నాలజీ పుట్టిన తీరు ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థీ తెలుసుకోవాలి. 2013 అక్టోబరులో ఎన్విడియా కంపెనీ మాంట్రియల్‌లో జీ-సింక్‌ను ప్రకటించింది. మానిటర్ లోపల బొమ్మను ప్యానెల్‌కు అందించే స్కేలర్ చిప్‌ను తీసేసి, దాని స్థానంలో తన సొంత మాడ్యూల్ పెట్టింది. ఆ మాడ్యూల్ గుండెకాయ ఆల్టెరా కంపెనీ ఎఫ్‌పీజీఏ. అవును, ఈసీఈ ల్యాబ్‌లో మీరు వెరిలాగ్ రాసి ఎల్‌ఈడీలు వెలిగించే ఆ ఎఫ్‌పీజీఏ జాతే. ఒక ఆసుస్ మానిటర్‌ను విప్పి సొంతంగా బిగించుకునే కిట్‌ను 199 డాలర్లకు అమ్మారు.

మూడు నెలలు తిరగకముందే, 2014 జనవరిలో లాస్ వెగాస్ సీఈఎస్ ప్రదర్శనలో ఏఎండీ మనుషులు మామూలు తోషిబా ల్యాప్‌టాప్‌ల మీద అదే పని చేసి చూపించారు. ప్రత్యేక మాడ్యూల్ లేదు, ఎఫ్‌పీజీఏ లేదు. ఎలా? ల్యాప్‌టాప్ ప్యానెల్‌కు వెళ్లే ఎంబెడెడ్ డిస్‌ప్లేపోర్ట్ లింకులో బ్లాంకింగ్ విరామాన్ని మార్చుకునే ఏర్పాటు అప్పటికే ఉంది. అది గేమ్‌ల కోసం పెట్టింది కాదు. స్క్రీన్ మీద ఏమీ కదలనప్పుడు రిఫ్రెష్ రేటు తగ్గించి బ్యాటరీ ఆదా చేయడానికి పెట్టింది. బ్యాటరీ కోసం పెట్టిన తలుపును గేమ్ కోసం తెరవొచ్చని కనిపెట్టడమే వాళ్ల ఘనత. అదే ఏడాది మే నెలలో ప్రమాణాల సంస్థ వెసా దాన్ని డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏ ప్రమాణంలో ఐచ్ఛిక అంశంగా చేర్చి 'అడాప్టివ్ సింక్' అని పేరు పెట్టింది. 2015 మార్చికల్లా ఫ్రీసింక్ మానిటర్లు మార్కెట్లోకి వచ్చాయి. చివరికి 2019 జనవరిలో ఎన్విడియా కూడా తన కార్డులను ఈ మానిటర్లతో పనిచేయించడం మొదలుపెట్టింది.

ఎన్విడియా మాడ్యూల్ దండగ అని దీని అర్థం కాదు. పిక్సెల్ రంగు త్వరగా మారడానికి కాస్త ఎక్కువ వోల్టేజీ ఇస్తారు, దాన్ని ఓవర్‌డ్రైవ్ అంటారు. రిఫ్రెష్ రేటు మారుతుంటే ఆ మోతాదు కూడా మారాలి, లేకపోతే బొమ్మ వెనక నీడలు పడతాయి. తొలి రోజుల్లో ఆ పనిని మాడ్యూల్ ఉన్న మానిటర్లే బాగా చేసేవి. ఇద్దరూ ఇంజినీర్లే, ఇద్దరిదీ పనే. కాకపోతే ప్రమాణ పత్రాన్ని ఓపిగ్గా చదివినవాళ్ల దారి చవగ్గా తేలింది.

టెస్టింగ్ కోర్సు చేస్తున్నవాళ్లు ఒక అంకె గుర్తుంచుకోండి. 2019లో ఆ ప్రకటన చేసేటప్పుడు ఎన్విడియా 400 అడాప్టివ్ సింక్ మానిటర్లను పరీక్షించామని, 12 మాత్రమే పాసయ్యాయని చెప్పింది. ప్రమాణం ప్రకారం పనిచేయడం వేరు, మినుకుమనకుండా, మధ్యలో స్క్రీన్ నల్లబడకుండా బాగా పనిచేయడం వేరన్నమాట. ఆ ఖాళీని పూడ్చడానికే 2022 మేలో వెసా ఒక సర్టిఫికేషన్ తెచ్చింది. అందులో 50కి పైగా పరీక్షలున్నాయి. గరిష్ఠ రిఫ్రెష్ రేటు కనీసం 120 హెర్ట్జ్ ఉండాలి, కనిష్ఠం 60 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. డబ్బాలోంచి తీసిన ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌తోనే పరీక్ష పెడతారు. సెలీనియం స్క్రిప్టులు రాయడం మంచిదే, కాదనను. టెస్టింగ్ అంటే వెబ్‌సైట్ లాగిన్ పేజీ ఒక్కటే కాదని తెలిస్తే ఇంకా మంచిది.

బ్లూ లైన్ చివర ఏముంది?

అమీర్‌పేట మెట్రోలో రెండు లైన్లు కలుస్తాయి. రెడ్ లైన్ పంజాగుట్టకు వెళ్తుంది. బ్లూ లైన్ ఎక్కితే చివరి స్టేషన్ రాయదుర్గం. హైటెక్ సిటీ, రాయదుర్గం, గచ్చిబౌలి వైపు ఉన్న ఐటీ సర్వీసుల బోర్డులు మనకు బాగా తెలుసు. చిప్ కంపెనీల బోర్డుల వైపు తల తిప్పేవాళ్లు తక్కువ. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్‌లకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఇది నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. తొలి ఐపాడ్‌లలో మ్యూజిక్ చిప్ ఇచ్చిన పోర్టల్‌ప్లేయర్ కంపెనీకి హైదరాబాద్‌లో ఇంజినీర్ల బృందం ఉండేది. 2007లో ఆ కంపెనీని కొన్నది ఎన్విడియానే. ఎఫ్‌పీజీఏలకు పేరుపడ్డ జైలింక్స్‌కు ఇక్కడ పెద్ద కేంద్రం ఉంది. 2022 ఫిబ్రవరిలో అది ఏఎండీలో కలిసింది. అంటే జీ-సింక్ పేరున్న కంపెనీ, ఫ్రీసింక్ పేరున్న కంపెనీ రెండూ మన ఊళ్లో జీతాలు ఇస్తున్నవే. తయారీ వైపు చూస్తే తిరుపతి దగ్గర టీసీఎల్ డిస్‌ప్లే ప్యానెల్ యూనిట్, డిక్సన్ టీవీల ప్లాంటు ఉన్నాయి.

దీనికి మీరు వెంటనే అనే మాట నాకు తెలుసు. 'సార్, వాళ్లు ఐఐటీ, ఎన్‌ఐటీ వాళ్లనే తీసుకుంటారు. లేదంటే గేట్ రాసి ఎంటెక్ వీఎల్‌ఎస్‌ఐ చేసి ఉండాలి. మాకెవరు ఇస్తారు?' ఇందులో నిజం చాలా ఉంది. చిప్ డిజైన్‌లో ఫ్రెషర్ ఖాళీలు ఐటీ సర్వీసులతో పోలిస్తే చాలా తక్కువ. మీ కాలేజీకి వాళ్లు క్యాంపస్‌కు రాకపోవచ్చు. అందుకని అమీర్‌పేట మానేసి అందరూ చిప్ కంపెనీల గేటు ముందు నిలబడండి అని నేను అనను.

కానీ ఆ కంపెనీల్లో పనంతా డిజైన్ కాదు. వచ్చిన చిప్‌ను బోర్డు మీద పెట్టి పరీక్షించే వాలిడేషన్, లినక్స్, ఆండ్రాయిడ్ డ్రైవర్లు, ఫర్మ్‌వేర్, ఫోన్ కంపెనీలకు సపోర్ట్ ఇచ్చే పని కూడా ఉంటుంది. అందులో కొంత కాంట్రాక్టు మీద ఇంజినీరింగ్ సర్వీసుల కంపెనీలకు వెళ్తుంది. తలుపు అక్కడ కాస్త వెడల్పు. కారు డ్యాష్‌బోర్డులో స్క్రీన్, ఆస్పత్రిలో మానిటర్, మీ జేబులో ఫోన్, అన్నింటిలో ఉన్నది ఇదే పని. ఫోన్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే దగ్గర 'అడాప్టివ్' అని ఉంటుంది చూడండి. వాట్సాప్ చదివేటప్పుడు రేటు తగ్గించి, రీల్స్ తిప్పేటప్పుడు 120కి పెంచేది అదే. గేమింగ్ మానిటర్ చూడకపోయినా ఈ టెక్నాలజీని రోజూ వేలితో తాకుతూనే ఉన్నారు.

అమీర్‌పేటను తిట్టడం తేలిక, అది నాకు ఇష్టం లేదు. కార్పొరేట్ ఫీజులు కట్టలేని ఊళ్ల పిల్లలకు నలభై ఐదు రోజుల్లో ఒక పని నేర్పి, ఫ్రీ డెమో క్లాసులో కూర్చోబెట్టి, రన్నింగ్ నోట్స్ జిరాక్స్‌తో సహా చేతిలో పెట్టిన చోటు అది. మెయిన్‌ఫ్రేమ్ కాలం నుంచి ఎన్ని వేల ఇళ్లు దాని వల్ల నిలబడ్డాయో. నా ఫిర్యాదు ఒక్కటే. అది టూల్ పేరుతో అమ్ముతుంది. టూల్ మారితే మళ్లీ చేరాలి. ఊళ్లో నాన్నకు మళ్లీ ఫోన్ చేసి 'ఇంకో కోర్సు ఉంది, దానికి కూడా పంపించు' అనాలి. రెండోసారి ఆ ఫోన్ చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు. పైగా ఒకే గదిలో వందమంది ఒకే ప్రాజెక్టును కాపీ చేసుకుని రెజ్యూమెలో పెట్టుకుంటే, ఆ వందమందిలో మిమ్మల్ని ఎందుకు పిలవాలో హెచ్‌ఆర్‌కు ఎలా తెలుస్తుంది?

ఖర్చు లేని మూడు ప్రయత్నాలు

కాబట్టి కోర్సు చేస్తూనే, వారాంతాల్లో ఈ మానిటర్ సంగతి మీద కాస్త టైమ్ పెట్టండి. గేమింగ్ మానిటర్ అక్కర్లేదు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.

మీ కాలేజీ ల్యాబ్‌లోని పాత మానిటర్ కూడా కేబుల్ పెట్టగానే కంప్యూటర్‌కు తన పరిచయ పత్రం ఇస్తుంది. దాని పేరు ఈడీఐడీ. మూల భాగం 128 బైట్లు. మొదటి బైటు సున్నా, తర్వాతి ఆరు బైట్లలో అన్నీ ఒకట్లు, ఎనిమిదోది మళ్లీ సున్నా. ఆ వెంటనే వచ్చే రెండు బైట్లలో తయారీదారు పేరుకు మూడు అక్షరాలను ఒక్కోదానికి ఐదు బిట్ల చొప్పున కుదించి పెడతారు. చివరి బైటు చెక్‌సమ్: 128 బైట్లనూ కూడితే మొత్తం 256తో నిశ్శేషంగా భాగించబడాలి. మధ్యలో 18 బైట్ల వివరణలు నాలుగు ఉంటాయి. వాటిలో ఎఫ్‌డీ అనే గుర్తు ఉన్నది రేంజ్ లిమిట్స్. నిలువు రిఫ్రెష్ రేటు కనిష్ఠం, గరిష్ఠం అక్కడ రాసి ఉంటాయి. లినక్స్‌లో సిస్ ఫోల్డర్, దానిలో క్లాస్, దానిలో డీఆర్‌ఎం తెరిస్తే ప్రతి పోర్టుకూ ఈ ఫైలు దొరుకుతుంది. దాన్ని చదివి మనిషికి అర్థమయ్యేలా చూపించే ప్రోగ్రామ్‌ను సీ భాషలో మీరే రాయండి. రెడీమేడ్ కోడ్ దొరుకుతుంది, చూడొద్దు. బిట్ షిఫ్ట్, మాస్కింగ్, పాయింటర్, స్ట్రక్చర్, ఫైల్ రీడింగ్ అన్నీ ఒక్క ప్రోగ్రామ్‌లో వచ్చేస్తాయి. ఎంబెడెడ్ ఇంటర్వ్యూల్లో అడిగేవి చాలావరకు ఇవే. ల్యాబ్‌లో ఉన్న ముప్పై మానిటర్ల మీద నడిపి, ఎన్ని తమ రేంజ్ చెబుతున్నాయో, ఎన్ని చెప్పట్లేదో పట్టిక వేస్తే అది మీ సొంత ప్రాజెక్టు. వందమందిలో ఇంకెవరి దగ్గరా ఉండదు.

సీ అంటే భయమా? పైథాన్ కోర్సు చేస్తున్నారా? అయితే రెండోది. 8 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య యాదృచ్ఛికంగా వెయ్యి ఫ్రేమ్ టైములు సృష్టించండి. వాటిని 60 హెర్ట్జ్ వీ-సింక్ మానిటర్‌కు, 48–75 రేంజ్ మానిటర్‌కు, 48–144 రేంజ్ మానిటర్‌కు పంపినట్టు లెక్క కట్టి, ప్రతి ఫ్రేమ్ ఎంత ఆలస్యంగా కనిపించిందో గ్రాఫ్ గీయండి. పైన చెప్పిన 40, 80, 75ల సంగతి గ్రాఫ్‌లో కళ్లారా కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో 'మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి' అన్నప్పుడు ఈ గ్రాఫ్ చూపించి ఐదు నిమిషాలు తడబడకుండా మాట్లాడొచ్చు, ఎందుకంటే లెక్క మీదే.

మూడోది ఫ్రంటెండ్ వాళ్లకు. బ్రౌజర్‌లో యానిమేషన్ రాసేటప్పుడు 'ఒక్కో ఫ్రేమ్‌కు ఐదు పిక్సెళ్లు జరుపు' అని రాస్తే, 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద సరిగ్గా నడిచిన బొమ్మ 120 హెర్ట్జ్ ఫోన్‌లో రెట్టింపు వేగంతో పరుగెడుతుంది. అడాప్టివ్ స్క్రీన్ మీద అయితే ఒకసారి నడక, ఒకసారి పరుగు. గడిచిన టైమును కొలిచి, దాని ప్రకారం జరపాలి. మీరు ఇప్పటికే చేసిన మినీ ప్రాజెక్టు తెరిచి ఈ తప్పు ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ నేర్చుకునేవాళ్లయితే, ఆండ్రాయిడ్ 11 నుంచి యాప్ తనకు కావాల్సిన ఫ్రేమ్ రేటును సిస్టమ్‌ను అడిగే సదుపాయం ఉంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమా చూపించే యాప్ దాన్ని ఎలా వాడాలో ఆలోచించండి.

వీటి తర్వాత కూడా ఆకలి తీరనివాళ్లకు లినక్స్ కెర్నెల్ ఉంది. ఏఎండీ డ్రైవర్‌లో వీఆర్‌ఆర్ సపోర్ట్ 2019లో వచ్చిన 5.0 వెర్షన్‌తో చేరింది. ఆ కోడ్ అంతా బహిరంగమే, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. మొదటి వారం ఒక్క ముక్కా అర్థం కాదు. మూడో వారానికి ఫంక్షన్ పేర్లు పరిచయమవుతాయి. చదువుతూ దొరికిన చిన్న తప్పును, కామెంట్‌లో స్పెల్లింగ్ తప్పయినా సరే, సరిదిద్ది పంపొచ్చు. అంగీకరిస్తే మీ పేరు ఆ చరిత్రలో శాశ్వతంగా ఉంటుంది, దానికి ఏ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్టూ సాటిరాదు.

జాబ్ పోర్టల్‌లో 'సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ హైదరాబాద్' అని కొడితే అందరికీ కనిపించేవే మీకూ కనిపిస్తాయి. ఈసారి వేరే మాటలతో వెతకండి: డిస్‌ప్లే డ్రైవర్, డీఆర్‌ఎం కేఎంఎస్, బీఎస్‌పీ ఇంజినీర్, పోస్ట్ సిలికాన్ వాలిడేషన్, గ్రాఫిక్స్ టెస్ట్, ప్యానెల్ బ్రింగప్, డిజైన్ వెరిఫికేషన్. వచ్చినవాటిలో సగం అనుభవం అడుగుతాయి. వాటిని కూడా మూసేయకుండా, కింద 'కావాల్సిన నైపుణ్యాలు' అన్నచోట ఏం రాశారో ఒక నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి. పది ప్రకటనలు చదివేసరికి ఒకే ఐదారు మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. వాటి పక్కన మీ రెండో ఏడాది, మూడో ఏడాది సిలబస్ కాపీ పెట్టి, ఏయే యూనిట్లతో కలుస్తున్నాయో గీత గీసి చూడండి. తర్వాత ఏ మెట్లెక్కాలో, ఎంత ఫీజు కట్టాలో అప్పుడు తేల్చుకోవచ్చు.